ముందు చావు సంగతి, తర్వాతే చాయ

చాంది అక్క మరణించిందన్న వార్త ఫోనులో చేరినప్పుడు నేను మొదట చేసిన పని దుఃఖించడం కాదు, అనుమానించడం. ఆత్మీయుల మరణవార్త పిడుగుపాటులా తాకుతుందని సంస్మరణలు రాసేవారు అంటారు. నాకు పిడుగేమీ పడలేదు. "మళ్ళీ మొదలుపెట్టింది" అనుకున్నాను. నచ్చని యాత్రికులు వస్తున్నారని తెలిస్తే చాలు, అక్క ఇంట్లో ఎవరో ఒకరు కాలధర్మం చెందేవారు. ముఖ్యంగా ఆమె చిన్నమ్మ. ఆ చిన్నమ్మ ఎన్నిసార్లు పరమపదించిందో నాకు లెక్క తెలియదు గాని, ఇప్పటికీ మహబూబాబాద్ సంతలో మిరపకాయలు అమ్ముతూ నిక్షేపంగా ఉంది.

ఫోన్ చేసింది కోడలు లలిత.

"పద్మక్కా, అత్తమ్మ సచ్చిపోయింది. పొద్దుగాల కల్లంల మిరపకాయలు ఏరుకుంట ఏరుకుంట గట్లనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేదాక సుత ఆగలే."

"నిజం చెప్పు లలితా. ఇయ్యాల ఏ గ్రూపు వస్తున్నది?"

"ఏ గ్రూపు రాలేదక్కా. నువ్వు జల్ది రా" అని పెట్టేసింది. అప్పటికీ నమ్మకం కుదరక వ్యాను డ్రైవరు యాదగిరన్నకు ఫోన్ చేశాను. ఆయన "నాకు గూడ చెప్పిండ్రు, కొడకండ్లకే వస్తున్న, తయారుండు" అన్నాడు. యాదగిరన్న అబద్ధమాడే మనిషి కాదు. అప్పుడు నమ్మాను.

ఆమె ఎవరో తెలియనివారి కోసం రెండు మాటలు. నేను కొడకండ్లలో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. అక్క మహబూబాబాద్ ప్రాంతంలోని ఒక లంబాడా తండా మనిషి. తండా పేరు రాయను. రాస్తే అక్క ఊరుకోదు. మా ఇద్దరి వృత్తి ఒకటే, ఈ నేలను చూడవచ్చినవాళ్ళకు దారి చూపడం. జనగామ స్టేషన్లో దిగినవాళ్ళను వ్యాను ఎక్కించుకుని, రాళ్ళగుట్టలూ తాటివనాలూ పత్తిచేలూ దాటించి, తండాలో ఒక పూట నిలిపి, భూపాలపల్లి టేకు అడవుల మీదుగా తీసుకుపోయి కాళేశ్వరం గోదావరిలో కాళ్ళు కడిగించడం. గుట్టలు, గుళ్ళు, చరిత్ర నా వంతు. మనుషులు, ఆచారాలు, వంట, పాట ఆమె వంతు. కానీ తన వంతును ఆమె ఎంత చూపించింది, ఎంత దాచింది అన్నదే ఈ వ్యాసంలో అసలు సంగతి.

ఆమెను 'చాందీబాయి గారు' అని రాయడమే మర్యాద. కానీ 'గారు' అన్న మాట వింటే ఆమె కళ్ళు చిన్నవయ్యేవి. "ఇగో, గారు అన్నడు. ఏందో కావాలె వీనికి" అనేది. కాబట్టి అక్క అనే రాస్తాను. సంశయం వినాశహేతువని పెద్దలు చెబుతారు. అక్క విషయంలో అది జీవనసూత్రం. హోటల్లో చాయ తెస్తే ముందు తెచ్చినవాణ్ణి తాగమనేది. మబ్బు పట్టిందంటే కొంగు చాపి చినుకు పడేదాకా ఒప్పుకునేది కాదు. ఇంటి నుంచి జొన్నరొట్టె మూట కట్టుకుని వచ్చేది. ఆ మూట మీద నా చెయ్యి పడితే నా మొహం వైపు అనుమానంగా చూసి, ఆ తర్వాత సగం విరిచి పెట్టేది.

మేము మొదట కలిసింది జనగామలో, వ్యాను పక్కన. నేను నమస్కారం పెట్టాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్ల ఎవలెవలు సచ్చిపోయిండ్రు?"

నాకు ఒళ్ళు మండింది. మంచిదా, చెడ్డదా, ఊరేది, పేరేది అని అడగకుండా ఈ అపశకునపు ప్రశ్న ఏమిటి? "గదెందుకు నీకు?" అన్నాను. "చెప్పవా? సరే తియ్యి" అని వ్యాను ఎక్కి కూర్చుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇదేదో చేతబడి మనిషేమో అన్న శంక కూడా నాకు కలిగిందంటే నవ్వకండి.

దాని అర్థం చాలా రోజుల తర్వాత కాళేశ్వరంలో తెలిసింది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. మొదట యముడికి మొక్కి, ఆ తర్వాతే శివుడికి మొక్కడం అక్కడి సంప్రదాయం. నేను యాత్రికులకు ఆ స్థలపురాణం చెబుతుంటే అక్క నా చెవి దగ్గరకు వచ్చి, "మా తండల గూడ గిదే రివాజు" అంది. "సుట్టం ఇంటికొస్తే ముందు మెడ పట్టుకొని ఏడుస్తం. పాట లెక్క ఏడుస్తం. పోయినసారి కలిసినంక మా ఇంట్ల ఎవలు పోయిండ్రు, వాళ్ళింట్ల ఎవలు పోయిండ్రు, పేర్లు పెట్టి ఏడుస్తం. గదైనంక కండ్లు తుడుసుకొని చాయ పెడ్తం. ముందు చావు సంగతి, తర్వాతే చాయ."

"మరి నన్నెందుకడిగినవ్? నేను సుట్టాన్నా?"

"అయితవో కావో చూద్దామని అడిగిన. నువ్వే మొఖం తిప్పుకుంటివి."

ఆ ఏడుపు పాటకు వాళ్ళ భాషలో ఒక పేరుంది. ఆ పేరు నాకు చెప్పి, ఎక్కడా పలకవద్దని అక్క ఒట్టు వేయించుకుంది. "పేరు తెలిస్తే బోర్డు మీద రాస్తరు. బోర్డు మీద రాసినంక గది మాది కాదు." నేను ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు, ఇక్కడ కూడా తప్పను.

అదే గుడిలో శివలింగానికి ఉన్న రంధ్రంలో నీళ్ళు పోస్తే అవి భూగర్భంలో ప్రయాణించి గోదావరి సంగమంలో కలుస్తాయని ప్రతీతి. నేను భక్తిగా చెప్పేదాన్ని. అక్క నా వెనక నిలబడి "అంటరు" అని ఒక్క మాట కలిపేది. ఎవరైనా యాత్రికుడు "మీరు నమ్మరా అమ్మా?" అని అడిగితే, "నేను నీళ్ళ ఎంబడి పోలే బాపూ. నువ్వు పోతే వచ్చి చెప్పు" అనేది. అక్క నాస్తికురాలు కాదు. ఆ లింగానికి ఆమె మొక్కినంత శ్రద్ధగా మొక్కినవారిని నేను చూడలేదు. దేవుణ్ణి నమ్మేది, దేవుడి గురించి చెప్పేవాళ్ళను నమ్మేది కాదు.

తండాకు వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ ఆమె గడప బయట ఆపి ఒక ప్రశ్న వేసేది. "ఏం పట్కపోదామని వచ్చినవ్?" కొందరు నవ్వేవారు. కొందరు "ఏం లేదమ్మా, చూసిపోదామని" అనేవారు. "చూసిపోయేటోళ్ళు బువ్వ తిని పోతరు. ఫోటో తీసుకునేటోళ్ళు తీసుకొని పోతరు. నువ్వేదో చెప్పు" అని పట్టు పట్టేది. ఒకామె నిజాయతీగా, "మీ అద్దాల గాగ్రా వేసుకుని ఫోటో దిగాలని ఉంది" అంది. అక్క ముచ్చటపడి తన గాగ్రా, రవిక, దంతపు రంగు గాజులు అన్నీ తొడిగింది. తొడిగిన తర్వాత బోరింగు దగ్గర నిండా పట్టిన బిందె తెచ్చి ఆమె నెత్తిన పెట్టింది. "బట్ట ఏసుకున్నవ్ గదా, బిందె సుత ఎత్తుకో. రెండూ ఒక్కటే." ఆ యాత్రికురాలు పది అడుగులు వేసేలోపు సగం నీళ్ళు గాగ్రా మీదే ఒలికాయి. ఫోటో దిగింది గాని, ఫోటోలో ఆమె నవ్వడం లేదు. ఆ తర్వాత ఆమె మా ఇద్దరికీ చాలాకాలం స్నేహితురాలిగా ఉండిపోయింది.

తీజ్ పండుగ సంగతి ఇంకా విచిత్రం. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, రోజూ పాటలు పాడుతూ నీళ్ళు పోసి, చివరి రోజున నీళ్ళలో కలిపే పండుగ అది. చూడాలని ఎందరో వచ్చేవారు. అక్క ఎదురు వచ్చి ఎంతో విచారంగా, "అయ్యో, నిన్ననే అయిపోయిందమ్మా" అనేది. ఏ ఏడు ఏ రోజున వచ్చినా పండుగ నిన్ననే అయిపోయేది. గుడిసె వెనక మొలకలు పచ్చగా ఉండేవి, పిల్లల పాట నాకు వినిపించేది. నేను అక్క వైపు చూస్తే ఆమె ఆకాశం వైపు చూసేది.

కానీ దాచనివి కూడా ఉన్నాయి. భూపాలపల్లి చేరకముందే, చెల్పూరు దగ్గరికి రాగానే విద్యుత్కేంద్రం పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. అడవి అందంగా ఉంది అని మైమరచినవాళ్ళు అది చూసి కిటికీ తెర లాగేసుకుంటారు. అక్క ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఆ తెర తీసేది. "కాళేశ్వరంల దీపం చూస్తానికి పోతున్నరు గదా. మీ ఇంట్ల దీపం ఏడికెళ్ళి ఎలుగుతదో గిది గూడ చూడున్రి." బొగ్గు లారీల వెనక ఇరుక్కుని వ్యాను నత్తలా నడుస్తుంటే, యాత్రికులు దగ్గుతుంటే, ఆమె మాత్రం గనిలో పని చేసే తన మేనల్లుడి గురించి గర్వంగా చెప్పేది. అందమైనది చూపించమంటే ఆమెకు శంక. మురికిది దాచమంటే అంతకన్నా శంక.

నన్ను కన్న అవ్వ చనిపోయినప్పుడు అక్క కొడకండ్ల వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. వచ్చి ఏడవలేదు కూడా. మగ్గం గుంట పక్కన కూర్చుని, చుట్టూ చూసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. "మీ అవ్వ పేరేంది?"

"అండాలు."

"ఏం పని చేసేది?"

"కండెలు చుట్టేది. మా నాయిన నేస్తే ఆమె నూలు కండెలు చుట్టేది. కండ్లు కనవడకున్నా చుట్టింది."

"ఏమని మాట్లాడేది? నిన్ను ఏమని పిలిచేది?"

పంచనామా రాసే పోలీసులా ఉంది ఆమె వరస. బంధువులంతా గుండెలు బాదుకుంటుంటే ఈమె కంట ఒక్క చుక్క లేదు. నాకు మళ్ళీ అదే పాత అనుమానం వచ్చింది, ఈ మనిషికి నామీద ప్రేమ ఉందా, ఆరా మాత్రమే ఉందా అని. అడిగినవాటికి జవాబు చెప్పాను. విని, తల ఊపి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఇక నన్ను నిజంగా గాయపరిచిన సంగతికి వస్తాను. మా యాత్రలు నడిపించే మేనేజరు కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాదు. ఇంటి మనుషుల క్షేమం అడుగుతాడు. కాకపోతే, "పద్మగారూ, గెస్టులతో కాస్త మంచి తెలుగులో మాట్లాడండి" అంటాడు. సినిమాల్లో మా మాటను వెక్కిరించే హాస్యగాళ్ళను చూసి పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ 'మంచి' ఎక్కడ తగలాలో అక్కడ తగిలేది. అక్క మాత్రం, "నీ తెలుగు ఆయనకు రాకపాయె, గది నీ తప్పా? నాకైతే రెండు రావాలె. నేనేం ఏడుస్తున్ననా?" అని నవ్వేది.

ఈ మేనేజరు ఒకసారి తండాలో ఉండగా అక్క చెల్లెలు వేరే తండా నుంచి వచ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి మెడలు పట్టుకుని ఏడుపు పాట అందుకున్నారు. ఆయన నిర్ఘాంతపోయి చూశాడు. మరునాడే ఆయన బుర్రలో ఆలోచన మొలిచింది. యాత్రికులు రాగానే తండా స్త్రీలు వాళ్ళను అలా కౌగిలించుకుని ఏడ్చి స్వాగతం చెబితే ఎంత హృద్యంగా ఉంటుంది! "ఎక్కడా లేని స్వాగతమండీ ఇది. గెస్టులు జీవితాంతం మర్చిపోరు."

"ఏడుపు చూపించుడేంది సారూ? రేపు పీనుగను సుత చూపియ్యమంటవ్" అంది అక్క. ఆ మాట విని నా గుండె ఉప్పొంగింది.

ఆయన వదల్లేదు. మీరు కాకపోతే వేరే తండావాళ్ళను అడుగుతానన్నాడు. అక్క ఆలోచించి చెబుతానంది. ఆ తర్వాతి యాత్రలో, నా చెవులను నేనే నమ్మలేకపోయాను, ఆమె సరే అంది. మూడు షరతులు పెట్టింది. ఆడవాళ్ళు ముసుగు నిండా కప్పుకుంటారు. కెమెరా దూరంగా ఉండాలి. పాటకు అర్థం ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పరు.

అప్పటినుంచి వారం వారం ఆ తంతు నడిచింది. వ్యాను దిగిన యాత్రికులను తండా స్త్రీలు ముసుగులు కప్పుకుని మెడ పట్టుకునేవారు. దీర్ఘంగా రాగం తీసేవారు. ముసుగుల కింద భుజాలు కదిలిపోయేవి. యాత్రికులు తామూ ఏడ్చేవారు. నేను వ్యాను పక్కన నిలబడి చూసేదాన్ని. పేరు కూడా పలకవద్దని నాతో ఒట్టు వేయించుకున్న మనిషి ఆ పాటనే సంతలో పెట్టిందా? "ఎంతకు అమ్మినవ్ అక్కా?" అని ఒకరోజు ముఖం మీదే అడిగాను.

"నీకెందుకు?" అంది. అంతే.

అప్పటినుంచి మేము మాట్లాడుకున్నాం గాని, మునుపటిలా కాదు. రొట్టె సగం విరిచి పెట్టేది, నేను తినేదాన్ని. నా అనుమానం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమెలాంటి మనిషి కూడా అమ్ముడుపోతే ఇక ఈ నేలమీద నేను యాత్రికులకు చూపించేదానిలో ఏది అసలు, ఏది నకలు? నేను చెప్పే ప్రతి మాటా నాకే బొంకుగా వినిపించసాగింది. ఈ ఉద్యోగం మానేద్దామని అనుకుంటూ ఉండగానే లలిత ఫోన్ వచ్చింది.

యాదగిరన్న వ్యానులో తండాకు చేరేసరికి అక్క ఇంటిముందు మంచం మీద ఉంది. కొత్త బట్ట కప్పారు. ముఖం ప్రశాంతంగా లేదు. మరణించినవారి ముఖాలు ప్రశాంతంగా ఉంటాయని రాయడం ఆనవాయితీ గాని, అక్క కనుబొమలు అప్పుడు కూడా కొంచెం ముడిపడే ఉన్నాయి. ఎవరినో అనుమానిస్తున్నట్టే ఉంది. ఆ ముడి చూసి నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది.

నేను కూర్చునే లోపలే మరో కారు ఆగింది. మేనేజరు దిగాడు. పూలదండ తెచ్చాడు. వెంట కెమెరా పట్టుకున్న మనిషి, అక్కతో పరిచయమున్న ఇద్దరు యాత్రికురాళ్ళు. బూట్లు విప్పకుండానే మంచం దగ్గరికి వచ్చి దండ వేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లలితను పక్కకు పిలిచి మెల్లగా, "అమ్మా, చాందీబాయి గారికి నివాళిగా ఆ పాట ఒక్కసారి... చివరిసారిగా. రికార్డు చేసి భద్రంగా ఉంచుతాం" అన్నాడు.

లలిత పెద్దవాళ్ళ వైపు చూసింది. ఆడవాళ్ళు లేచారు. ముసుగులు కప్పుకున్నారు. ఆ ఇద్దరు యాత్రికురాళ్ళ మెడలు పట్టుకుని రాగం అందుకున్నారు. పీనుగ పక్కనే. కెమెరా ముందే.

నేను లలిత చెయ్యి పట్టుకుని నీళ్ళ గోళెం దగ్గరికి లాక్కుపోయాను. "ఇయ్యాల గూడనా లలితా? ఆమె ఇంకా మంచం మీదనే ఉన్నది. ఇయ్యాల గూడ అమ్ముతరా?"

లలిత నన్ను వింతగా చూసింది. "ఏం పాడుతున్నరో నీకెర్క లేదా అక్కా?"

"నాకెట్ల ఎర్కుంటది? మీ భాష నాకొస్తదా?"

"అత్తమ్మ నీకు చెప్పనే లేదా?" ఆమె ముఖంలో ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముక్కు చీది, అటు చెవి ఒగ్గి, పాటలో ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. "చెప్పులిడువకుంట వచ్చినవే బిడ్డా, మా కోళ్ళు బెదిరినయ్. నీ కండ్లద్దాలు ఏం చూస్తున్నయే, మా పొయ్యిని చూస్తున్నయా, పొయ్యి మీది కూరను చూస్తున్నయా? పోయి రా బిడ్డా, జల్ది పోయి రా, నీ బస్సు ఒర్రుతున్నది."

నేను ఆ ముసుగుల వైపు తిరిగి చూశాను.

"రోజు గిదే పాట అక్కా. అత్తమ్మనే కట్టింది. వాళ్ళకు మాది ఎన్నడు పాడలే. ముసుగుల కింద నవ్వు ఆపుకోలేక సచ్చేటోళ్ళం."

అవి ఏడుపుతో కదిలిన భుజాలు కావు. ఇన్నాళ్ళూ నేను అసహ్యించుకుంటూ చూసింది వాళ్ళ నవ్వును.

"ఇయ్యాల కొత్త ముక్క కలిపిండ్రు" అంది లలిత. "పీనుగ మీద కెమెరా పెట్టినోడా, నీ ఇంట్ల పెండ్లికి మేం సుత గిట్లనే వస్తం, బూట్లేసుకొనే వస్తం." ఈసారి ముసుగుల కింద ఎవరూ నవ్వడం లేదని నాకు ఇక్కడినుంచే తెలుస్తోంది. గొంతులు పగిలిపోతున్నాయి. తిట్టు పాటనే నిజమైన ఏడుపుతో పాడుతున్నారు.

"వద్దంటె అయిపోతుండె గదా. సరే అనుడెందుకు?"

"వద్దంటె ఇంకో తండకు పోతరు. గాడ ఎవలన్న నిజందే పాడితే? గందుకే దొంగది ఇచ్చి పంపిద్దామన్నది. దొంగది దొరికితే నిజందాన్ని ఎవలు దేవులాడరు అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

లలిత కొంచెం సంకోచించింది. "నీ మొఖంల అన్నీ కనవడ్తయట. నువ్వు నవ్వితే సారుకు తెలుస్తది, కోపంగ ఉంటేనే నమ్ముతడు అనేది."

అంటే నా కోపం కూడా ఆమెకు పనికొచ్చింది. నన్ను కూడా కాపలాకు పెట్టుకుంది, నాకు తెలియకుండా. కోపం రావాలి. రాలేదు.

పాట అయిపోయింది. యాత్రికురాళ్ళు వెక్కిళ్ళు పెట్టారు. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ అందరికీ చేతులు జోడించాడు. ఆయన కన్నీళ్ళు మాత్రం అసలువే. ఆయనకు అక్క అంటే గౌరవం ఉండేది, అది నేను ఒప్పుకుంటాను. కారు మలుపు తిరిగి దుమ్ము అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

అప్పుడు ముసుగులు తీశారు. వాళ్ళలో ముందున్న ముసలామె లేచి నా వైపు వచ్చింది. ఆమెను గుర్తుపట్టాను. ఎన్నోసార్లు చనిపోయిన ఆ చిన్నమ్మ. రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. మిరపకాయల ఘాటు ఇంకా ఆ చేతులకుంది. మిగతావాళ్ళు వెనకనుంచి వచ్చి భుజాల మీద చేతులు వేశారు. రాగం మొదలైంది.

నిజం చెబుతాను, నా ఒళ్ళు బిగుసుకుపోయింది. అక్క నేర్పిన విద్య అది. వీళ్ళు నన్ను కూడా పంపించేస్తున్నారా? జల్ది పోయి రా బిడ్డా అంటున్నారా? నేనూ వ్యానులోనే వచ్చాను కదా, నేనూ యాత్రికులను తెచ్చేదాన్నే కదా. ఒక్క మాట అర్థం కావడం లేదు. రాగం మాత్రం ఇందాకటిలా లేదు. దానికి అందం లేదు. ఎక్కడ పడితే అక్కడ తెగిపోతోంది, మళ్ళీ దగ్గుతో అందుకుంటోంది.

అప్పుడు ఆ తెలియని భాష మధ్యలో ఒక తెలిసిన మాట వినబడింది. అండాలు.

మొదటిసారి నమ్మలేదు. రెండోసారి చిన్నమ్మ నా చెవి దగ్గరే అంది. కొడకండ్ల అండాలు. ఆ వెంటనే కండెలు అన్న మాట. కండ్లు కనబడకున్నా కండెలు చుట్టిన అండాలు. మా అవ్వను ఈ తండాలో ఎవరూ చూడలేదు. ఆమె ఏనాడూ ఇటు రాలేదు. మగ్గం గుంట పక్కన కూర్చుని, కంట చుక్క లేకుండా, పోలీసులా ప్రశ్నలడిగి బస్సెక్కిన మనిషి ఆ జవాబులన్నీ ఇక్కడికి తెచ్చి, వీళ్ళందరికీ చెప్పి, నేను ఎప్పుడైనా చుట్టంగా వస్తే పాడమని నేర్పి పెట్టింది. నేను చుట్టాన్ని అవుతానో కానో అని ఇంతకాలం చూసింది, అయ్యానని ఎప్పుడు తేల్చుకుందో నాకు చెప్పలేదు. అండాలు తర్వాత పాటలో వచ్చిన పేరు చాంది. మా అవ్వ పక్కనే.

నా బిగువు అంతా సడలిపోయింది. మా అవ్వ పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు.

కళ్ళు తుడుచుకున్నాక లలిత గిన్నెలో చాయ తెచ్చింది. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింట్లో కాచిన చాయ. "ఇగ తాగు అక్కా" అంది. ఎవరినీ ముందు తాగమనకుండా తాగాను.

ఆమె సంశయం ఒక కంచె. లోపల ఏముందో తెలియనివాళ్ళకు కంచె మాత్రమే కనిపించింది. నాకూ చాలాకాలం అదే కనిపించింది. జనగామ నుంచి కాళేశ్వరం దాకా ఈ నేల గుట్టలు, నీళ్ళు, పొగ, పాట అన్నీ రేపు కూడా ఉంటాయి. వాటిని చూపించేవాళ్ళు నాతో సహా ఎందరో ఉంటారు. ఏది చూపించకూడదో తెలిసిన మనిషి మాత్రం వెళ్ళిపోయింది. మరొకరు పుడతారని నేను నమ్మను. నన్ను అంత శ్రద్ధగా అనుమానించేవారు ఇక ఎవరూ లేరన్నది నాకు తీరని లోటు.

ఉద్యోగం మానలేదు. ఈసారి తీజ్‌కు యాత్రికులు వస్తే వ్యాను ముందు నిలబడి, "అయ్యో, నిన్ననే అయిపోయిందమ్మా" అని చెప్పాల్సింది ఇక నేనే. నా ముఖంలో అన్నీ కనబడతాయన్నది కాబట్టి అద్దం ముందు అభ్యాసం చేస్తున్నాను.

ఈ వ్యాసం ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే, కనుబొమలు ముడిచి, "గిది రాసి ఏం పట్కపోదామని వచ్చినవ్ పద్మా?" అని అడిగేది. నాకు తెలుసు. జవాబు కూడా సిద్ధంగా ఉంది.

ఏం పట్కపోతలేనక్కా. మా అవ్వ పేరు మీ కాడ్నే ఇడిచిపెట్టి వచ్చిన.